తదితరులు

జిల్లా పేజీలో న్యాయ విజ్ఞాన సదస్సు వార్త ఎలా ఉంటుందో పత్రిక చదివేవాళ్ళందరికీ తెలుసు. ముందు జడ్జిగారి పేరు ఉంటుంది. ఆ తర్వాత న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, బార్ అసోసియేషన్ అధ్యక్షుడు, తహసీల్దారు, ఎంపీడీవో, సర్పంచి, మా ప్రిన్సిపాల్. అందరి పేర్లూ అయ్యాక ఆఖరి వాక్యం: "లా విద్యార్థులు తదితరులు పాల్గొన్నారు." ఫొటో కూడా అంతే. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ మొహాలు పడతాయి, వెనక ఫ్లెక్సీ కర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లల చేతులు పడతాయి.

నేను ఉత్తరాంధ్రలో ఒక లా కాలేజీలో పాఠాలు చెబుతాను. పన్నెండేళ్ళుగా మా లీగల్ ఎయిడ్ క్లినిక్ బాధ్యత నాదే. ఆ తదితరులు నా పిల్లలు. వాళ్ళేం చేస్తారో, చేసినదానికి ఈ చదువూ ఈ వృత్తీ వాళ్ళకి ఏమిచ్చాయో చెప్పుకోవాలని చాలాకాలంగా ఉంది. కోపం చల్లారాక రాద్దామనుకుంటూ వచ్చాను. అది చల్లారేటట్టు లేదు.

మా క్లినిక్ అంటే లైబ్రరీ పక్కన ఒక చిన్న గది. రెండు బల్లలు, ఒక బీరువా, ఒక రిజిస్టరు. ప్రతి శనివారం పిల్లలు ఇద్దరేసి అక్కడ కూర్చుంటారు. నెలలో రెండు శనివారాలు న్యాయ సేవాధికార సంస్థ అనుమతితో జైలుకి వెళతారు. మిగతా రోజుల్లో, క్లాసులయ్యాక, ఎవరి పని పట్టుకున్నవాళ్ళు ఆ పని మీద తిరుగుతారు.

ఆ తిరగడం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకామె వచ్చింది, మన్యంలోని ఊరు. భర్త పోయి నాలుగేళ్ళయింది. చావు ఎక్కడా నమోదు కాలేదు. కొండ మీది ఊళ్ళలో ఇది వింతేమీ కాదు. మనిషి పోతే ఊరంతా కలిసి సాగనంపి వస్తారు, ఆ దుఃఖంలో కాగితం ఎవరికి గుర్తుంటుంది? కానీ మరణ ధ్రువపత్రం లేకపోతే వితంతు పింఛను రాదు. నెలకి 4,000 రూపాయలు. భూమి పేరు మారదు. పోయిన మనిషి పేరు రేషను కార్డులోంచి కూడా పోదు. సచివాలయానికి వెళితే "ఏడాది దాటిపోయిందమ్మా, ఆర్డరు తెచ్చుకోవాలి" అన్నారు. ఆర్డరు అంటే ఏమిటో, దాన్ని ఎవరివ్వాలో చెప్పలేదు. కోర్టు బయట ఒక గుమస్తా పిటిషన్ వెయ్యాలనీ అయిదు వేలవుతుందనీ చెప్పాడట.

జనన మరణాల నమోదు చట్టం 2023లో మారింది. ఇదివరకు ఏడాది దాటిన చావుని నమోదు చెయ్యాలంటే ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సివచ్చేది. ఇప్పుడు కోర్టు మెట్లెక్కక్కర్లేదు. జిల్లా మేజిస్ట్రేటు గానీ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ విచారించి ఉత్తర్వు ఇస్తే చాలు. ఈ మార్పు ఆ గుమస్తాకి తెలియదు. మా రెండో సంవత్సరం కుర్రాడికి తెలుసు. వాడు ఆమె కోసం దరఖాస్తు రాశాడు. చావు తారీఖుకి ఆధారం కావాలంటే ఏఎన్ఎం దగ్గర నాలుగేళ్ళ కిందటి రిజిస్టరు వెతికించాడు. అఫిడవిట్ తయారుచేశాడు. ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాడు. మూడోసారి వెళ్ళినప్పుడు "నువ్వెవరు బాబూ, లాయరువా?" అని అడిగారట. "కాదండీ, విద్యార్థిని" అంటే "అయితే నీకెందుకు?" అన్నారట.

ఆమెకి కాగితం వచ్చింది. పింఛనుకి పెట్టుకుంది. మా రిజిస్టరులో ఒక గీత నిండింది. ఆ కుర్రాడి మార్కుల జాబితాలో మాత్రం ఈ పని ఎక్కడా కనబడదు. ఆ సెమిస్టరులో వాడికి హాజరు తక్కువైందని కండోనేషన్ ఫీజు కట్టించుకున్నారు. క్లాసు మానేసి తిరిగాడన్నది మాట. ఎక్కడ తిరిగాడో నేను రాసిచ్చిన కాగితం చెల్లలేదు.

ఇంకొకటి చెప్పాలి. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మా మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె ఉంది. ఏజెన్సీ పిల్ల. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంది. అరకు, పాడేరు చుట్టుపక్కల కొండల్లో చాలా తెగలవాళ్ళకి సంతలో, బస్సులో, పెళ్ళిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఉన్న మాట అదే. తెలుగు మీడియంలో చదివి, లాసెట్ రాసి మా దగ్గరికొచ్చింది. మొదటి ఏడాది మూట్ కోర్టు పోటీకి పేరిచ్చింది. కళ్ళారా చూశాను. "మై లార్డ్" అన్నాక గొంతు పెగల్లేదు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. మొదటి రౌండులోనే బయటికి వచ్చేసింది. ఆ తర్వాత చాలా రోజులు వెనక బెంచీలోనే కూర్చుంది.

రెండో ఏడాది జైలుకి వెళ్ళే జట్టులో వేశాను. అక్కడొక మనిషి ఉన్నాడు. చిన్న దొంగతనం కేసు. అంతకుముందు మూడుసార్లు మా పిల్లలు అతన్ని కలిశారు. "లాయరు ఉన్నాడా? బెయిలు వేశారా? ఏమైనా ఇబ్బందా?" అని తెలుగులో అడిగితే అన్నిటికీ తలూపేవాడు. రిజిస్టరులో మూడుసార్లూ 'సమస్య లేదు' అని రాసి ఉంది. ఆ అమ్మాయి వెళ్ళిన రోజున అతను కూర్చున్న తీరు చూసి, ఊరి పేరు విని, తన భాషలో పలకరించింది. అతను కాసేపు ఆమె మొహంలోకి చూసి, తర్వాత అరగంట ఆపకుండా మాట్లాడాడట. తేలిందేమిటంటే అతనికి బెయిలు వచ్చి నాలుగు నెలలయింది. ఇద్దరు జామీనుదార్లు కావాలి. జామీను అంటే డబ్బు కట్టడం అనుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి బెయిలు సంగతే తెలియదు. మనిషి ఎక్కడున్నాడో కూడా సరిగ్గా తెలియదు.

బెయిలు వచ్చి ఏడు రోజుల్లో ఖైదీ బయటికి వెళ్ళకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలనీ, సంస్థ ఒక పారా లీగల్ వాలంటీరునో జైలుకి వెళ్ళే న్యాయవాదినో పంపి సాయం చెయ్యాలనీ సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. నెలలోపు జామీను పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే సంగతి ఆలోచించవచ్చని కూడా అందులో ఉంది. చక్కటి ఆదేశం. కానీ తనకి బెయిలు వచ్చిందన్న సంగతే ఆ మనిషికి అర్థమయ్యే మాటలో ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి తర్వాతి బుధవారానికల్లా ఆ ఊరికి వెళ్ళింది. రెండు బస్సులు మారి, ఆపైన నడక. అతని అన్నని, ఇంకో బంధువుని వెంటబెట్టుకుని, ఆధార్, ఇంటిపన్ను రసీదు పట్టుకుని తీసుకొచ్చింది. రెండో మనిషి కాగితాలు చెల్లవన్నారు. సంస్థ న్యాయవాదితో మాట్లాడి, షరతు సడలించమని పిటిషన్ వేయించింది. దానికి కావాల్సిన వివరాలన్నీ తనే రాసుకొచ్చింది, ఇంటి పరిస్థితి, ఎంతమంది పిల్లలు, ఎన్నాళ్ళుగా లోపలున్నాడు, అన్నీ. ఒక జామీనుతో వదిలారు. ఆ సాయంత్రం బస్సుస్టాండులో అతన్ని ఎక్కించి, కండక్టరుకి ఎక్కడ దింపాలో చెప్పి, నాకు ఫోను చేసింది. "మేడమ్, వెళ్ళిపోయాడు" అంది. అంతే.

అదే వారం మా జట్టు ఎక్కడో మూట్ కోర్టులో రెండో బహుమతి తెచ్చుకుంది. కాలేజీలో మీటింగు పెట్టారు, శాలువాలు కప్పారు, పత్రికలో ఫొటో వచ్చింది. ఆ పిల్లలు కష్టపడ్డారు, వాళ్ళ సంతోషం చూసి నేనూ చప్పట్లు కొట్టాను. వాళ్ళమీద నాకేమీ లేదు. కానీ లేని కక్షిదారు తరఫున, జరగని కేసులో, బాగా వాదించినందుకు కప్పు. ఉన్న మనిషిని ఉన్న జైలులోంచి ఇంటికి పంపినందుకు ఆ పిల్లకి ఎవరి దగ్గర్నుంచీ ఒక మాట కూడా రాలేదు. స్టాఫ్ మీటింగులో నేను ఎత్తితే ఒకరు "అది సోషల్ సర్వీసు కదండీ" అన్నారు.

సోషల్ సర్వీసు. ఈ మాట వింటే నాకు వొళ్ళు మండుతుంది. ఒక మనిషి చెప్పే కథని చెప్పే క్రమంలో కాక చట్టానికి పనికొచ్చే క్రమంలో పేర్చుకోవడం, ఏ సెక్షను కింద ఏ కోర్టులో ఏ కాగితం వెయ్యాలో ఎంచుకోవడం, సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో ఊహించి వెతకడం, అవతలివాళ్ళు కాదన్నప్పుడు రెండో దారి చూడటం. ఇది వకీలు పని. దీన్ని చెయ్యడం రావాలనే మూడేళ్ళ లా, అయిదేళ్ళ లా పెట్టాం. దీనికి కావాల్సిన భాష ఇంగ్లీషే అని ఎవరన్నారు? ఆ రోజున ఆ జైలుగదిలో అవసరమైన న్యాయశాస్త్ర పరిజ్ఞానంలో సగం ఆదివాసీ ఒడియా. అది మా కాలేజీలో ఒక్క మనిషికే ఉంది. ఆ మనిషిని మేము మూట్ కోర్టు మొదటి రౌండులో ఓడించి వెనక బెంచీకి పంపించాం.

ఈ పని ఎప్పుడూ ఇంత అనామకంగా లేదు. 1997లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా లా కాలేజీలన్నీ నాలుగు ప్రాక్టికల్ పేపర్లు పెట్టాలని చెప్పింది. వాటిలో నాలుగోది ప్రజాప్రయోజన వ్యాజ్యాలు, లీగల్ ఎయిడ్, పారా లీగల్ సేవలు. అప్పుడు నేను విద్యార్థిని. ఆ పేపరు కోసమే మొదటిసారి ఒక సబ్ జైలు లోపలికి వెళ్ళాను. ఆ తర్వాత 2008లో న్యాయవిద్య నిబంధనలు కొత్తగా రాశారు. తప్పనిసరి క్లినికల్ పేపర్లు ఇప్పుడూ నాలుగే: డ్రాఫ్టింగు, వృత్తి నైతికత, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టుతో కలిపిన ఇంటర్న్‌షిప్. లీగల్ ఎయిడ్ పేపరు ఆ జాబితాలోంచి జారిపోయింది. మూట్ కోర్టుకి 30 మార్కులున్నాయి. ఆ పేపర్లలో లీగల్ ఎయిడ్ పేరు వినబడేది ఒకేచోట: వకీలు ఆఫీసులోనో లీగల్ ఎయిడ్ ఆఫీసులోనో కక్షిదారులతో మాట్లాడటాన్ని రెండుసార్లు 'చూసి' డైరీ రాస్తే 15 మార్కులు. చూడాలి, అంతే. మాట్లాడితే, తిరిగితే, మనిషిని బయటికి తెస్తే దానికి అంకె లేదు.

అవే నిబంధనలు ప్రతి లా కాలేజీలో ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండి తీరాలంటాయి. అందుకే ప్రతి కాలేజీకీ ఆ బోర్డు ఉంటుంది. తనిఖీ బృందం వస్తుందంటే బీరువాలోంచి రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెడతారు. బృందం తిరగేస్తుంది, సంతకం పెడుతుంది. ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో లెక్కపెట్టడం చూశాను. ఒక్క ఎంట్రీ చదవడం ఈ పన్నెండేళ్ళలో చూడలేదు.

ఇక పర్యవేక్షణ సంగతి. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చెయ్యకూడదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి క్లినిక్ నడిపే నేను నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడలేను. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం పిల్లలు ఎలాగూ నిలబడలేరు. మరి క్లినిక్‌కి వచ్చిన మనిషి కేసు ఎవరు వాదించాలి? సంస్థ పంపిన న్యాయవాది వాదిస్తారు, ఆయనకి తీరిక ఉంటే, మా పిల్లల కాగితం ఆయన చదివితే. 2022 నుంచి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పేరుతో క్రిమినల్ కేసులకి పూర్తికాలం న్యాయవాదుల్ని పెట్టాక కొంత నయం. వాళ్ళలో ఒకరిద్దరు మా పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. వాళ్ళ రుణం తీర్చుకోలేను. కానీ అది వాళ్ళ మంచితనం. ఏర్పాటు కాదు.

క్లినిక్ అన్న మాట వైద్యుల దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. మాట తెచ్చుకున్నాం గానీ పద్ధతి తెచ్చుకోలేదు. ఎంబీబీఎస్ పిల్లలు హౌస్ సర్జన్లుగా ఏడాది పెద్దాసుపత్రిలో నిజమైన రోగుల్ని చూస్తారు. వెనక ప్రొఫెసరు ఉంటారు, చేతిలో స్టైపెండు ఉంటుంది, ఆ ఏడాది చెయ్యకపోతే పూర్తి రిజిస్ట్రేషనే లేదు. బీఈడీ పిల్లలు నిజమైన స్కూల్లో నిజమైన పిల్లలకి పాఠం చెబుతారు, వెనక బెంచీలో మేష్టారు కూర్చుని మార్కులేస్తారు. వ్యవసాయ కళాశాల విద్యార్థులు నాలుగో ఏడాదిలో పల్లెకి వెళ్ళి రైతు పక్కన పొలంలో దిగుతారు, దానికి క్రెడిట్లు ఉన్నాయి. రోగిని అప్పగించాం, బడిపిల్లల్ని అప్పగించాం, పొలం అప్పగించాం. ఒక దరఖాస్తు మాత్రం లా విద్యార్థికి అప్పగించడానికి భయపడతాం. అప్పగించిన చోట, వాడు చేసినదాన్ని లెక్కలోకి తీసుకోం.

న్యూయార్క్‌లో 2015 నుంచి బారులో చేరాలంటే 50 గంటల ఉచిత న్యాయసేవ చేసి చూపించాలి. మన పిల్లలు అక్కడికి ఎల్ఎల్ఎంకి వెళ్ళి ఆ బారు పరీక్ష రాస్తే వాళ్ళకీ అదే లెక్క. ఇక్కడ ఆ అమ్మాయి ఒక్క సెమిస్టరులో అంతకు రెట్టింపు గంటలు చేసింది. రాసుకోవడానికి ఇక్కడ కాలమ్ లేదు.

నన్ను ఒప్పుకోమనే సంగతులూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. చాలాచోట్ల లీగల్ ఎయిడ్ అంటే ఒక్కపూట సదస్సు. ఊరివాళ్ళని ఉపాధిహామీ పని ఆపించి మరీ కూర్చోబెట్టి, మైకులో గంటసేపు చట్టాల పేర్లు చదివి, ఫొటో తీసుకుని వచ్చేయడం. అలాంటి సదస్సులకి నేనూ పిల్లల్ని తీసుకెళ్ళాను. వాటిని చూసి ఈ పనంతా ఉత్తదే అనుకునేవాళ్ళని తప్పుపట్టలేను. సర్టిఫికెట్ కోసం మాత్రమే పేరు రాయించుకునే పిల్లలూ ఉంటారు. కానీ అసలు పనికి విలువ లేనిచోట తంతే మిగులుతుంది. ఫొటోకి గుర్తింపు ఇచ్చి, నాలుగు నెలల తిరుగుడుకి ఇవ్వకపోతే పిల్లలు దేన్ని ఎంచుకుంటారు? అయినా కొందరు తిరుగుడునే ఎంచుకున్నారు. నేను వాళ్ళ కోసం మాట్లాడుతున్నాను.

జైల్లో ఉన్నవాళ్ళని లెక్కపెట్టడం కూడా ఎంత పెద్ద పనో మనకి తెలిసే ఉండాలి. 1979లో బీహారు జైళ్ళలో విచారణ ఖైదీల గురించి పత్రికలో వచ్చిన కథనాల ఆధారంగా న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అదే హుస్సైనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం, విచారణే లేకుండా లోపల ఉండిపోయిన మనుషులు. ఆ కేసుకి పునాది ఏమిటి? ఎవరో ఒకరు పేర్లు, తారీఖులు, సెక్షన్లు కాగితం మీద వరసగా రాయడం. పేదవాడికి ఉచిత న్యాయసహాయం హక్కు అని ఆ తీర్పులే గట్టిగా చెప్పాయి. రాజ్యాంగంలోకి 39ఏ అధికరణం 1976లోనే వచ్చింది. దానికి ప్రాణం వచ్చింది ఆ జాబితాలతో.

ఈ రోజుకీ ఆ జాబితా అవసరం తీరలేదు. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, ఇదివరకు ఏ నేరంలోనూ శిక్ష పడని మనిషి, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలి. వేరే కేసులు పెండింగులో ఉంటే ఆ సౌకర్యం లేదు. ఇది ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, ఏ రోజుతో మూడోవంతు నిండుతుంది? దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదని చట్టమే చెప్పింది. కానీ వందలమంది ఉన్నచోట ఒక్కొక్కరి రిమాండు తారీఖూ తీసి కూర్చుని లెక్కవేసేది ఎవరు? మా దగ్గర నలుగురు పిల్లలు నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుని వేశారు. ఒకసారి అరెస్టు తారీఖుకీ రిమాండు తారీఖుకీ తేడా పట్టుకుని రెండు పేర్లు సరిచేశారు. ఆ పట్టీ నేను సంస్థకి పంపాను. పైకి వెళ్ళిన నివేదికలో అది ఉంది. పిల్లల పేర్లు లేవు.

సమతా తీర్పు మా పిల్లలకి పరీక్షలో వచ్చే ప్రశ్న. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి, ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన తీర్పు. అందరూ బట్టీపట్టి రాస్తారు. ఆ తీర్పు ఏ ఊళ్ళ గురించి పుట్టిందో, ఆ బొర్రా, ఆ అనంతగిరి మండలం, మాకు ఒక్క బస్సు దూరం. అక్కడికి వెళ్ళి అటవీ హక్కుల దరఖాస్తు నింపిపెట్టే పిల్లకి ఆ తీర్పు గురించి తెలిసింది ఎక్కువా, హాలులో కూర్చుని నాలుగు పేజీలు రాసినవాడికి తెలిసింది ఎక్కువా? తెలుగునాట ఈ ప్రశ్నకి జవాబు తెలియకపోవడానికి వీల్లేదు. లెక్కల మేష్టారు బాలగోపాల్ నల్లకోటు వేసుకోవడానికి ముందు ఎన్నేళ్ళు ఊళ్ళు తిరిగారో, ఏ ఊళ్ళో ఏం జరిగిందో ఎలా విచారించి రాశారో మనం చూశాం. ఆ తిరిగిన కాళ్ళే తర్వాత హైకోర్టుకి నడిచాయి.

డబ్బు గురించి మాట్లాడటానికి మొహమాటపడతారు గనక నేను మాట్లాడతాను. మా పిల్లల్లో చాలామంది కూలివాళ్ళ ఇళ్ళనుంచి, చిన్న రైతుల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. స్టూడెంటు పాసు ఇంటినుంచి కాలేజీ దాకానే. జైలుకైనా, కొండ ఊరికైనా టిక్కెట్టు సొంత డబ్బుతోనే. ఆడపిల్లలకి బస్సు ఉచితమయ్యాక వాళ్ళకి కొంత ఊరట, మగపిల్లలు ఇప్పటికీ మధ్యాహ్నం భోజనం డబ్బు మిగుల్చుకుని వెళుతున్నారు. జిరాక్సులు, నోటరీ, దరఖాస్తు రుసుములు కూడా అలాగే. కాలేజీ వార్షికోత్సవానికి లైటింగు పెట్టిన ఖర్చులో నాలుగోవంతు ఇస్తే మా క్లినిక్ ఏడాదంతా నడుస్తుంది. అడిగాను. 'హెడ్' లేదన్నారు.

చదువయ్యాక కూడా ఇదే కథ. ఆఫీసులో చేరడానికి వెళితే సీనియర్లు ఏ పోటీల్లో గెలిచావని అడుగుతారు, ఇంగ్లీషు ఎలా ఉందని చూస్తారు. ఎంతమందికి దరఖాస్తు రాశావు, ఎన్ని ఆఫీసులు తిరిగావు, ఏ కాగితం ఎక్కడ ఆగిందో నీకెలా తెలిసింది అని ఎవరూ అడగరు. ఆ ఆఫీసుల్లో మొదటి రెండేళ్ళు చేయించుకునే పని మాత్రం అదే.

నేనేమీ పెద్ద కోరికలు కోరడం లేదు. 1997లో ఇచ్చి తర్వాత తీసేసిన ఆ పేపరుని మళ్ళీ తప్పనిసరి చెయ్యమని బార్ కౌన్సిల్‌ని అడుగుతున్నాను. డైరీలో 'చూసిన' దానికి కాక చేసినదానికి మార్కులు వెయ్యమని యూనివర్సిటీని అడుగుతున్నాను. అవి ఎలా వెయ్యాలో తెలియకపోతే బీఈడీ కాలేజీ పక్కనే ఉంది, వెళ్ళి అడుగుదాం. ప్రతి క్లినిక్‌కీ ఒక ప్రాక్టీసు చేసే న్యాయవాది పేరు కాగితం మీద ఉండాలి, నెలకి ఇన్ని గంటలని, దానికి ఇంత గౌరవ వేతనమని. పారా లీగల్ వాలంటీర్లుగా లా విద్యార్థుల్ని తీసుకోవచ్చని నల్సా పథకంలోనే ఉంది. తీసుకుని, వాళ్ళకీ గుర్తింపు కార్డు మెళ్ళో వేస్తే, "నీకెందుకు?" అని ఆ కుర్రాణ్ణి గుమ్మంలో ఆపేవాళ్ళు కాదు. శనివారం జైలుకి వెళ్ళినవాడికి హాజరుపట్టీలో గైర్హాజరు వెయ్యకండి. జిల్లా పేజీ రాసే విలేకరి మిత్రులకి ఒక్క మాట: చివరి వాక్యంలో నాలుగు పేర్లకి చోటుంటుంది. నేను రాసిస్తాను. స్పెల్లింగు తప్పులు కూడా ఉండవు.

ఆ అమ్మాయికి వచ్చే నెలలో ఆఖరి పరీక్షలు. తర్వాత ఆమె వెళ్ళిపోతుంది. జైలులో మా రిజిస్టరులో ఇంకా పదకొండు పేర్లు తేలవలసినవి ఉన్నాయి, అందులో అయిదుగురు కొండవాళ్ళు. నేను ఏమీ చెప్పకుండానే ఆమె ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లల్ని పట్టుకుంది. శనివారం బస్సులో వెనక సీట్లో కూర్చుని వాళ్ళకి తన భాషలో ప్రశ్నలు నేర్పుతోంది. ఏ రోజు పట్టుకున్నారు, ఎవరు తీసుకెళ్ళారు, ఊళ్ళో ఎవరికి తెలుసు, ఇంట్లో కాగితాలు ఎవరి దగ్గరుంటాయి. వాళ్ళు తప్పు పలికితే నవ్వదు. మళ్ళీ చెప్పిస్తుంది. జైలు గేటు వచ్చేదాకా చెప్పిస్తూనే ఉంటుంది.